నోట పలకని వాక్యం నోటుబుక్కులోకి రాదు: తెలుగు పిల్లలకు ఇంగ్లీష్ రాత నేర్పే అయిదు పీరియడ్ల పద్ధతి

“టీచర్, మా పిల్లలు బోర్డు మీద ఉన్నది ముత్యాల్లా ఎక్కించుకుంటారు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం పెన్ను కొరుకుతూ కూర్చుంటారు. ఏం చేయాలి?” తోటి టీచర్ల నుంచి నెలకు నాలుగైదు సార్లయినా ఈ ప్రశ్న వస్తుంది. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టి పెట్టి గొంతు పోయింది. అందుకే నేను వాడే మల్టీమోడల్ పద్ధతి (ఒకే విషయాన్ని చాలా దారుల్లో నేర్పడం) మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఇది ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా, ఇంట్లో ఇంగ్లీష్ వినే అవకాశం లేని పిల్లల కోసం. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీష్ మీడియం మొదలయ్యాక ఈ అవసరం ఇంగ్లీష్ పీరియడ్ దాటిపోయింది. సైన్సు జవాబైనా, సోషల్ జవాబైనా సొంత వాక్యం కట్టడం రాకపోతే గైడు బట్టీ పట్టడమే దిక్కు.

ఒక చిన్న మాట. ఇక్కడ ఇంగ్లీష్ వాక్యాలను తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను. బోర్డు మీద, కార్డుల మీద మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే రాయండి. పిల్లలు ఇంగ్లీష్ మాట పైన తెలుగులో రాసి పెట్టుకోవడం మొదలుపెడితే ఇక స్పెల్లింగ్ వైపు చూడనే చూడరు.

## 1. మల్టీమోడల్ అంటే ఏది, ఏది కాదు

ఒకే విషయాన్ని చేయించడం, గీయించడం, పలికించడం, వినిపించడం, చివరికి రాయించడం. ఇంతే. ఈ దారులన్నీ నోటుబుక్కు దగ్గర ఆగాలి. బొమ్మ గీయడంతోనే గంట కొట్టేస్తే అది డ్రాయింగ్ క్లాసు.

డిజిటల్ బోర్డు మీద వీడియో వేసి చూపించడం దీని కిందికి రాదు. “వీడు చూసి నేర్చుకునే రకం, ఆ పిల్ల విని నేర్చుకునే రకం” అని పిల్లల్ని విడగొట్టడం కూడా రాదు. ట్రైనింగుల్లో ఇప్పటికీ ఈ మాట వినిపిస్తుంది. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు తిరగేసి, అలా రకాలుగా విడగొట్టి బోధిస్తే లాభం ఉంటుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. కాబట్టి పిల్లలందరూ అన్ని దారుల్లోనూ నడవాలి.

ఏ దారి దేనికో ముందే అనుకోండి:

- చేయడం: క్రియాపదాలు ఒంటికి పట్టడానికి
- బొమ్మ: ఏది ముందో ఏది వెనకో గుర్తుండడానికి
- మాట: వాక్యం కట్టడానికి
- వినడం: తన తప్పు తనకే దొరకడానికి
- రాత: పైవన్నీ కాగితం మీదికి రావడానికి

## 2. మొదలుపెట్టే ముందు చేయాల్సిన పనులు

పది నిమిషాల పరీక్ష. మార్కులు లేని పరీక్ష. ఒక బొమ్మ చూపించండి (గాలిపటం ఎగరేస్తున్న పిల్లాడు, బావి దగ్గర ఆడవాళ్ళు, ఏదైనా సరే). పది నిమిషాల్లో ఇంగ్లీష్‌లో తోచింది రాయమనండి. కాగితాలు తీసుకుని మూడు కుప్పలు వేయండి.

1. విడి పదాలు మాత్రమే రాసినవాళ్ళు
2. విరిగిన వాక్యాలు రాసినవాళ్ళు
3. ఎన్ని తప్పులున్నా పూర్తి వాక్యాలు రాసినవాళ్ళు

తెల్ల కాగితం ఇచ్చినవాళ్ళు ఒకటో కుప్పే. ఈ కాగితాలు పారేయకండి, రెండు నెలల తర్వాత పనికొస్తాయి.

ఒకే ఒక్క రాత రకం. మొదటి విడతకు “ఎలా చేయాలి” అని చెప్పే రాత ఎంచుకోండి. కారణం ఉంది. అందులో వాక్యాలన్నీ ఆజ్ఞలు: “కట్ ద లెమన్.” కర్త అక్కర్లేదు, కాలం అక్కర్లేదు, క్రియతో మొదలైపోతుంది. “మై విలేజ్”, “మై బెస్ట్ ఫ్రెండ్” లాంటివి తేలిక అనుకుంటాం. నిజానికి అవే కష్టం, పైగా పిల్లలకు గైడులోని వ్యాసం గుర్తొచ్చి అదే దింపేస్తారు.

విషయం. బడిలో నిజంగా చేయగలిగేది కావాలి. నేను ఏటా నిమ్మకాయ నీళ్ళతో మొదలుపెడతాను. ఖర్చు తక్కువ, పొయ్యి అక్కర్లేదు, చివర్లో తాగొచ్చు.

సామాను:

- నిమ్మకాయలు పది, చక్కెర, ఉప్పు, జగ్గు, స్టీలు గ్లాసులు, చెంచా, వడకట్టే జాలి
- కత్తి ఒక్కటి, అది మీ చేతిలోనే ఉండాలి
- పాత క్యాలెండర్ వెనక వైపు కత్తిరించిన కార్డులు, స్కెచ్ పెన్నులు
- ఒక తెల్ల కాగితాన్ని ఆరు గళ్ళుగా మడిచి పిల్లకొకటి
- కత్తెర ఒకటి (దీని పని అయిదో భాగంలో)
- రికార్డింగ్ ఉన్న ఫోన్ ఒకటి

పదాలు ఎనిమిదే. రోల్, కట్, స్క్వీజ్, రిమూవ్, యాడ్, పోర్, స్టర్, టేస్ట్. ఇరవై పదాలు పెట్టి ఒకటీ నిలవకపోవడం కంటే ఎనిమిది పెట్టి ఎనిమిదీ నిలబెట్టుకోవడం మేలు. వస్తువుల పేర్ల గురించి బెంగ అక్కర్లేదు. గ్లాస్, స్పూన్, వాటర్, సాల్ట్ ఇంట్లో వాడేవే.

## 3. అయిదు పీరియడ్లు, వరస తప్పకుండా

### 3.1 మొదటి పీరియడ్: చేతులు

ముందు నోటుబుక్కులు మూయించండి. నిమ్మకాయ బల్ల మీద పెట్టి అరచేత్తో దొర్లిస్తూ “రోల్ ద లెమన్” అనండి. పిల్లలు ఉత్తి చేతులతో దొర్లిస్తూ అదే అనాలి. ఇలా ఎనిమిది పనులూ చేస్తూ చెప్పండి, చేయిస్తూ చెప్పించండి.

రెండో విడతలో మీరు మాట మాత్రమే అంటారు, వాళ్ళు అభినయం చేస్తారు. మూడో విడతలో మీరు అభినయం చేస్తారు, వాళ్ళు మాట అంటారు. నాలుగో విడతలో ఒక పిల్ల ముందుకొచ్చి మీ పని చేస్తుంది. ఇక్కడికి పాతిక నిమిషాలు.

తర్వాత నిజంగా నీళ్ళు కలపండి. చక్కెరా ఉప్పా అని గొడవ వస్తుంది, రానివ్వండి, తెలుగులోనే పోట్లాడుకోనివ్వండి. తేలిన మాటను మాత్రం మీరు ఇంగ్లీష్‌లో చెప్పి పలికించండి: “యాడ్ సాల్ట్ అండ్ షుగర్.” తెలుగు నోట్లోంచి రాకూడదని నియమం పెడితే క్లాసు నిశ్శబ్దం అవుతుంది, ఇంగ్లీష్ మాత్రం పెరగదు.

వెళ్ళేముందు ఎనిమిది పదాలనూ చార్టు మీద రాసి, ప్రతి పదం పక్కన పిల్లల చేత చిన్న గీతల బొమ్మ వేయించి గోడకు అంటించండి. అయిదు పీరియడ్లూ ఆ చార్టు అక్కడే ఉండాలి.

### 3.2 రెండో పీరియడ్: ఆరు గళ్ళు

మడిచిన కాగితం ఇవ్వండి. గడికొక పని, వరసగా గీయాలి. పది నిమిషాలే. రంగులు వద్దు. రంగులిస్తే పిల్లలు నిమ్మకాయకు షేడింగ్ వేస్తూ కూర్చుంటారు, పీరియడ్ అయిపోతుంది. ఇది నాకు అనుభవమే.

గీయడం అయ్యాక ప్రతి గడి మూల వరస పదం: ఫస్ట్, నెక్స్ట్, దెన్, ఆఫ్టర్ దట్, నౌ, ఫైనల్లీ. గడి కింద క్రియాపదం ఒక్కటి, గోడ చార్టు చూసి. వాక్యం ఇప్పుడే వద్దు.

జంటల్లో కాగితాలు మార్చుకుని ఎదుటివాళ్ళ బొమ్మలు చదవాలి. బొమ్మ అర్థం కాకపోతే ఏదో పని తప్పిపోయిందన్నమాట. చాలామంది గింజలు తీయడం మర్చిపోతారు. పక్కవాడు “గింజలు తాగుతావారా?” అంటే చాలు, గడి చేరిపోతుంది.

### 3.3 మూడో పీరియడ్: నోరు

మొత్తం పద్ధతిలో ముఖ్యమైన పీరియడ్ ఇదే, ఎక్కువమంది ఎగరగొట్టేదీ ఇదే. బొమ్మలు గీశారు కదా అని నేరుగా రాయమంటారు. పిల్లలు మళ్ళీ పెన్ను కొరుకుతారు.

మొదట వాక్యం వరస. తెలుగులో క్రియ చివర, ఇంగ్లీష్‌లో మధ్యలో. ఇది నోటితో ఎంత చెప్పినా ఎక్కదు. నేను పిల్లల్నే నిలబెడతాను.

ముగ్గురు ముందుకొస్తారు. “మేము” అన్న పసుపు కార్డు, “నిమ్మకాయ” అన్న నీలం కార్డు, “కోశాం” అన్న ఎర్ర కార్డు. తెలుగు వాక్యం అలా నిలబడి ఉంటుంది. ఇప్పుడు కార్డులు తిప్పుతారు. వెనక వైపు ఇంగ్లీష్: వి, లెమన్, కట్. “ఇంగ్లీష్ వాక్యం కావాలంటే ఎవరు కదలాలి?” అని అడుగుతాను. రెండు మూడు తప్పుడు ప్రయత్నాల తర్వాత ఎర్ర కార్డు పిల్లాడు చివరి నుంచి మధ్యలోకి నడిచొస్తాడు. ఆ నడకే పాఠం. ఎర్ర కార్డు మారుస్తూ పదిసార్లు నడిపించండి.

ఇంకో పిల్ల చేతిలో తెల్ల కార్డు ఉంటుంది. తెలుగు వాక్యంలో తనకు చోటు లేదు, పక్కనే నిలబడి ఉంటుంది. కార్డులు తిప్పగానే పరుగెత్తుకొచ్చి లెమన్ ముందు నిలబడుతుంది. తన కార్డు మీద ఉన్నది “ద”. మా క్లాసులో ఈ వేషానికి గిరాకీ ఎక్కువ. తర్వాత్తర్వాత ఎవరైనా బోర్డు మీద రాస్తుంటే వెనక నుంచి “టీచర్, ద రాలేదు!” అని కేకలు వినిపిస్తాయి. ఆర్టికల్స్ మీద ఎన్ని రూల్స్ చెప్పినా ఇంత పని జరగలేదు.

తర్వాత జంటలు. ఒకరు ఆరు గళ్ళ మీద వేలు పెడుతూ కథ చెప్పినట్టు చెబుతారు, రెండోవారు వింటూ వేళ్ళు ముడుస్తారు, వాక్యానికో వేలు. ఆరు వేళ్ళు రావాలి. మార్చుకుని మళ్ళీ. ఒకే జంటతో రెండుసార్లు, కొత్త జంటతో ఒకసారి. మూడోసారికి వాక్యం నాలిక మీద ఆడుతుంది.

చివర్లో రికార్డింగ్. నలభై మందికీ కుదరదు. జట్టుకొకరి గొంతు రికార్డు చేసి, జట్టంతా చుట్టూ కూర్చుని వినాలి. విన్న తర్వాత రెండే ప్రశ్నలు: ఏ పని చెప్పలేదు? ఏ చిన్న మాట జారిపోయింది? “పోర్ వాటర్ గ్లాస్” అని తను అన్నది తనకే వినిపించినప్పుడు, “ఇంటు ద” అని మీరు చెప్పే అవసరం సగానికి సగం తగ్గుతుంది.

పిల్లల గొంతులు, ఫోటోలు ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి. విన్నాక తీసేయండి.

### 3.4 నాలుగో పీరియడ్: పెన్ను

మూడు కుప్పలు గుర్తున్నాయి కదా. అందరిదీ అదే రాత, ఊతం మాత్రం వేరు.

- ఒకటో కుప్ప: ఖాళీలున్న వాక్యాలు, పదాల పెట్టె
- రెండో కుప్ప: వాక్యం మొదటి రెండు మాటలు మాత్రమే
- మూడో కుప్ప: ఆరు గళ్ళ కాగితం తప్ప ఏమీ వద్దు

ముందు అందరూ ఒక్కసారి తమ ఆరు గళ్ళనూ గొణుక్కుంటూ చెప్పుకోవాలి. తర్వాత ఇరవై నిమిషాలు మాటల్లేకుండా రాత. స్పెల్లింగ్ అడగకూడదు. గోడ చూడాలి, లేకపోతే వినిపించినట్టు రాసి కింద గీత గీయాలి. గీత ఉన్న పదానికి నేను ఏమీ అననని ముందే మాటిస్తాను. “ఇది నాకు అనుమానం” అని పిల్లాడే గుర్తుపెట్టడం సగం దిద్దుబాటు.

మొదటి వాక్యం బోర్డు మీద మీరు రాసిపెట్టకండి. రాశారో, నలభై కాగితాల్లో అదే వాక్యం ఉంటుంది.

### 3.5 అయిదో పీరియడ్: చెవి, మళ్ళీ పెన్ను

రాసింది పక్కవాళ్ళు గట్టిగా చదవాలి, ఉన్నది ఉన్నట్టుగా. ఫుల్‌స్టాప్ దగ్గర ఒక చప్పట. ఫుల్‌స్టాప్ లేకపోతే ఊపిరి తీసుకోకుండా చదువుకుంటూ పోవాలి. ఊపిరి ఆడక నవ్వుతారు, రాసినవాడు వచ్చి చుక్కలు పెట్టుకుంటాడు. పెద్దక్షరం కోసం ప్రతి వాక్యం మొదటి మాటకు చదివేవాళ్ళు లేచి నిలబడాలి. గోల గోలగా ఉంటుంది. పక్క క్లాసు టీచర్‌కు ముందే చెప్పి ఉంచండి.

తర్వాత మీ దిద్దుబాటు. ఎర్ర పెన్నుతో పేజీ నింపకండి. నేను మూడు గుర్తులే వాడతాను: వరస తప్పితే బాణం, చిన్న మాట జారిపోతే గుండ్రటి సున్నా, కాలం తప్పితే గడియారం. ఒక్కో కాగితంలో రెండు రకాల తప్పులే గుర్తిస్తాను. మిగతావి వచ్చే విడతకు.

ఆఖరి ప్రతి మంచి కాగితం మీద, బొమ్మతో సహా. గోడకు అతికించండి, లేదా కుట్టి పుస్తకం చేసి కింది తరగతికి ఇవ్వండి. ఆరో తరగతి పిల్లలు అది చదివి నిజంగా నిమ్మకాయ నీళ్ళు చేయగలిగితే, రాత కుదిరినట్టే.

## 4. ఆజ్ఞ నుంచి అనుభవానికి

అదే విషయం మీద వెంటనే రెండో రాత: “నిన్న మేమేం చేశాం?” కొత్త పదాలు లేవు, బొమ్మలు అవే. మారేది క్రియ ఒక్కటే. రోల్డ్, స్క్వీజ్డ్, యాడెడ్, పోర్డ్, స్టర్డ్, టేస్టెడ్, రిమూవ్డ్. కట్ మాత్రం మారదు, డ్రింక్ అయితే డ్రాంక్. పాత కార్డుల వెనక కొత్త రూపం రాసి, “నిన్న” అంటూ చేయి భుజం మీదుగా వెనక్కి చూపిస్తే కార్డు తిప్పాలి, అంతే ఆట.

ఇక్కడే పిల్లల సొంత మాటలు బయటికొస్తాయి. ఏడో తరగతిలో ఒక అబ్బాయి మొదటి పరీక్షలో గాలిపటం బొమ్మ కింద నాలుగు పదాలు రాశాడు: “బాయ్, కైట్, సన్, హ్యాపీ.” ఈ రెండో రాతలో అతని కాగితం ఇలా ఉంది:

“ఫస్ట్ వి రోల్డ్ ద లెమన్. నెక్స్ట్ టీచర్ కట్ ద లెమన్. దెన్ ఐ స్క్వీజ్డ్ జ్యూస్ ఇన్ గ్లాస్. మై హ్యాండ్ బర్న్.”

ఆ చివరి వాక్యం ఏ ఊతంలోనూ లేదు. వేలికి దెబ్బ ఉందట, నిమ్మరసం తగిలి మండింది. సున్నా, గడియారం పెట్టడానికి పెన్ను ఎత్తి దించేశాను. “ఎంత మండిందిరా? అప్పుడేం చేశావు?” అని అడిగితే తెలుగులో చెప్పాడు. ఆ రెండు మాటలూ ఇంగ్లీష్‌లో ఎలా అంటారో చెప్పాను. రెండో ప్రతిలో “మై ఫింగర్ బర్న్డ్. ఐ వాష్డ్ ఇట్ ఫాస్ట్” అని ఉంది. సొంత వాక్యం కనిపిస్తే ముందు దాని గురించి మాట్లాడండి, గుర్తులు తర్వాత పెట్టొచ్చు.

## 5. తెలుగు వల్ల వచ్చే తప్పులు, వాటికి మందులు

ఈ తప్పులు తెలివితక్కువ వల్ల వచ్చేవి కావు. తెలుగు బాగా వచ్చినందువల్ల వచ్చేవి. పిల్లలకూ అలాగే చెప్పండి, టెన్షన్ తగ్గుతుంది.

ఇంగులన్నీ వరసగా. “లెమన్ కటింగ్, జ్యూస్ స్క్వీజింగ్, షుగర్ పుటింగ్, వి డ్రింకింగ్.” దీని వెనక ఉన్నది చక్కటి తెలుగు వాక్యం: “నిమ్మకాయ కోసి, రసం పిండి, చక్కెర వేసి, తాగాం.” తెలుగులో అసలు క్రియ చివర ఒక్కటే, మిగతావన్నీ కోసి, పిండి, వేసి.

మందు: ఆ తెలుగు వాక్యాన్ని పొడుగాటి కాగితం పట్టీ మీద రాయించండి. కోసి, పిండి, వేసి దగ్గర కత్తెరతో నిజంగా కత్తిరించమనండి. నాలుగు ముక్కలొస్తాయి. ప్రతి ముక్కకూ ఒక “మేము” చేర్చి, “కోసి”ని “కోశాం” చేయాలి. ఇప్పుడు ఒక్కో ముక్క ఒక్కో ఇంగ్లీష్ వాక్యం. చివరి రెండింటినీ “అండ్”తో జిగురుపెట్టి అతికించొచ్చు. చేత్తో కత్తిరించినవాళ్ళు ఈ తప్పు మళ్ళీ చేసినా, “కత్తెర” అనగానే వాళ్ళే సరిచేసుకుంటారు.

ఈజ్ జారిపోవడం. “ఆయన మా నాన్న” అన్నదాంట్లో క్రియ లేదు, అందుకే “హి మై ఫాదర్” వస్తుంది. ఎర్ర కార్డు లేకుండా ఇద్దర్ని నిలబెట్టి “ఎర్ర కార్డు ఏదీ?” అని అడగండి. ఎర్ర కార్డు లేని ఇంగ్లీష్ వాక్యం ఉండదన్న ఒక్క నియమం చాలు.

నాకు దాహంగా ఉంది. “మి థర్స్టీ” అని రాస్తారు. వ్యాకరణం వివరించకండి. “ఐ యామ్ థర్స్టీ, ఐ యామ్ హంగ్రీ, ఐ యామ్ స్లీపీ” అని అభినయంతో ముద్దలుగా నేర్పించండి.

గ్లాసులో. మనకు “లో” వెనక వస్తుంది, వాళ్ళకు “ఇన్” ముందొస్తుంది. నిజం గ్లాసు, నిజం చెంచా పెట్టి ఇన్, ఇంటు, ఆన్, అండర్ చేయించండి.

హి, షి. మన “అది” ఆవుకూ, చెల్లెలికీ ఒకటే కాబట్టి ఇక్కడ తికమక మామూలే. ఇంటివాళ్ళ పేర్లు రాసిన కార్డులను రెండు డబ్బాల్లో వేయించడం సరిపోతుంది.

విన్నట్టు రాయడం. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి షుగర్‌ను “ఎస్-హెచ్”తో మొదలుపెడతారు. తప్పు పట్టకండి, చెవి సరిగ్గా పనిచేస్తోందని అర్థం. ఇలాంటి మోసగాళ్ళ పదాలకు గోడ మీద వేరే చార్టు పెట్టి, మోసం చేసే అక్షరానికి రంగు వేయించండి. స్క్వీజ్‌లో క్యూ, యు అందులో మొదట ఉంటాయి.

## 6. మనం చేసే తప్పులు

- అన్ని దారులూ ఒకే పీరియడ్‌లో. వీడియో, బొమ్మ, పాట, ఆట అన్నీ నలభై అయిదు నిమిషాల్లో కుక్కితే రాతకు మూడు నిమిషాలు మిగులుతుంది.
- వీడియోతో మొదలుపెట్టడం. చూపించాలనుకుంటే ఒక్క నిమిషం ముక్క, శబ్దం ఆపేసి. అప్పుడు మాటలు పిల్లలు చెప్పాల్సి వస్తుంది.
- బొమ్మ బాగా వేసినవాళ్ళనే మెచ్చుకోవడం. బొమ్మ రానివాళ్ళు అక్కడే చేతులెత్తేస్తారు. మీరు బోర్డు మీద కావాలనే వంకర బొమ్మ వేయండి. నాకైతే కావాలని వేయాల్సిన పని లేదు.
- వాయిస్ టైపింగ్ ముందే ఇవ్వడం. ఫోన్ వాక్యాన్ని దిద్ది చూపిస్తుంది, పిల్లాడు దాన్ని దింపుకుంటాడు. చిత్తుప్రతి రాశాక, తను పలికింది ఫోన్‌కు ఎలా వినిపించిందో చూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.
- ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని అనువాదానికి వాడడం. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీష్ ఉంటుంది కాబట్టి వాక్యానికి వాక్యం పోల్చి చదవాలనిపిస్తుంది. ముందు తెలుగు పేజీ చదివించి ఆరు గళ్ళు గీయించండి, తర్వాత ఇంగ్లీష్ పేజీలో ఎర్ర కార్డుల వేట పెట్టండి. సైన్సు టీచర్లకు ఈ ఒక్క చిట్కా చెప్పి చూడండి.

## 7. అరవై మంది, ఒకే ఫోన్ అయితే

జట్టుకు ఆరుగురు, పది జట్లు. ఫోన్ రోజుకు మూడు జట్లకు. మిగతావాళ్ళు జంటలు మార్చుకుంటూ చెప్పుకుంటారు. నిమ్మకాయ పని మీరు ఒక్కరే ముందు చేస్తారు, తర్వాత ప్రతి జట్టూ ఒక గ్లాసు కలుపుతుంది. ఆరు గళ్ళ కాగితం బదులు రఫ్ నోట్సులో గీతలు గీసుకున్నా నష్టం లేదు. కార్డుల ఆట బెంచీల మధ్య జరగదు, వరండాలో పెట్టుకోండి.

కాగితాలు దిద్దడం భారం. రోజుకు రెండు జట్లవే తీసుకోండి.

## 8. మార్కులు వేయాల్సి వస్తే

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో జరిగే మదింపు) కోసం మార్కులు తప్పవు. బొమ్మకు, రికార్డింగ్‌కు మార్కులు వేయను, అవి దారి మాత్రమే. రాతను ఈ అయిదు ప్రశ్నలతో చూస్తాను:

- ఆరు పనులూ వరసగా ఉన్నాయా?
- ప్రతి వాక్యంలో ఎర్ర కార్డు ఉందా, చోటులో ఉందా?
- ఎనిమిది పదాల్లో కనీసం ఆరు వాడాడా?
- చుక్కలు, పెద్దక్షరాలు?
- ఊతంలో లేని సొంత వాక్యం ఒక్కటైనా ఉందా?

స్పెల్లింగ్‌కు చిత్తుప్రతిలో మార్కులు కోయకండి. ఆఖరి ప్రతిలో గోడ మీదున్న పదాలకు మాత్రం కోయండి. కళ్ళ ముందున్నది చూడకపోతే ఎలా?

## 9. ఊతాలు ఎప్పుడు తీసేయాలి

తీయకపోతే పిల్లలు ఏడాదంతా ఖాళీలే పూరిస్తారు. నా లెక్క ఇది:

1. మొదటి విడత, నిమ్మకాయ నీళ్ళు: అన్ని ఊతాలూ.
2. రెండో విడత, సైకిల్ పంక్చర్ వేయడం: ఖాళీ వాక్యాలు తీసేయండి. పంక్చర్ షాపాయన్ను ఒక పీరియడ్‌కు పిలిస్తే మీకు చేసి చూపించే పని కూడా తప్పుతుంది.
3. మూడో విడత, బతుకమ్మ పేర్చడం, లేదా మీ ఊళ్ళో పిల్లలకు చేతనైన ఇంకేదైనా: ఆరు గళ్ళు మాత్రమే. తంగేడు, గునుగు లాంటి పూల పేర్లు తెలుగువే ఇంగ్లీష్ అక్షరాల్లో రాయనివ్వండి.
4. నాలుగో విడత: విషయం మాత్రం ఇచ్చి వదిలేయండి. గళ్ళ కాగితాలు బల్ల మీద పెట్టండి, కావాల్సినవాళ్ళు తీసుకుంటారు.

నాలుగో విడతలో కూడా పది పన్నెండు మంది గళ్ళ కాగితం తీసుకుంటారు. తీసుకోనివ్వండి. అది రాశాక, మొదటి రోజు పది నిమిషాల పరీక్ష కాగితాలు తెచ్చి ఎవరిది వాళ్ళకు ఇచ్చి, పక్కపక్కన పెట్టి చూసుకోమనండి.